డీప్ సెడేషన్ సరిపోతుందా, గొట్టం వేసి జనరల్ అనస్థీషియా ఇవ్వాలా?

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనట్టు నాలుగు ముక్కల్లో రాస్తాను. మీ నాన్నగారికి 64 ఏళ్లు. పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చాయి, ఈఆర్‌సీపీ (నోట్లోంచి కెమెరా ఉన్న పైపు, అంటే స్కోపు పంపి పిత్తనాళంలో రాయి తీసే పద్ధతి) చేసి తీసేద్దామన్నారు. ఒక డాక్టరుగారు "డీప్ సెడేషన్ ఇస్తాం, హాయిగా నిద్రపోతారు" అన్నారు. ఇంకోచోట చూపిస్తే అక్కడి మత్తు డాక్టరు మాత్రం శ్వాసనాళంలోకి గొట్టం వేసి జనరల్ అనస్థీషియానే ఇస్తానన్నారు. మనిషి 98 కిలోలు, బీపీకి మాత్రలు వాడుతున్నారు, గురక పెడితే పక్కగదిలోకి వినిపిస్తుంది, మూడు రోజులుగా ఏం తిన్నా వాంతి అవుతోంది. "చిన్న మత్తుతో అయిపోయేదానికి పెద్ద మత్తు ఎందుకు, డీప్ సెడేషన్ అయితే ప్రమాదం తక్కువే కదా" అన్నది మీ ప్రశ్న.

సమాధానం ముందే చెప్పేస్తాను. మీరు చెప్పిన లాంటి మనిషికి, అదీ ఈఆర్‌సీపీకి అయితే, నేను గొట్టం వేసి జనరల్ అనస్థీషియానే ఇస్తాను. రెండో డాక్టరుగారు అతిజాగ్రత్తకు పోయారని నాకు అనిపించడం లేదు. అలాగని డీప్ సెడేషన్ చెడ్డదీ కాదు. ఇరవై ఏళ్లకు పైగా మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను, అందులో చాలా రోజులు ఆపరేషన్ థియేటర్ బయటే గడిచాయి, అంటే ఎండోస్కోపీ గదుల్లో, ఎమ్మారై దగ్గర, గుండెకి చికిత్స చేసే కేథ్ ల్యాబుల్లో. డీప్ సెడేషన్ నేను దాదాపు రోజూ ఇస్తాను, సరైన మనిషికి సరైన పనికి ఇస్తే అంత హాయైన పద్ధతి ఇంకోటి లేదు. మీరు తూచిన త్రాసులోనే తేడా ఉంది. చిన్న మత్తు, పెద్ద మత్తు అని తూచారు. మేం తూచేది అది కాదు. ఊపిరి వెళ్లే దారిని ఎవరు కాపాడుతున్నారు, అది మూసుకుపోతే ఎంతసేపట్లో తెరవగలం, మేం చూసేది ఇదే.

మత్తు స్థాయిల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అమెరికన్ సొసైటీ ఆఫ్ అనస్థీషియాలజిస్ట్స్ వాళ్లు 1999లో వీటిని నాలుగుగా విడదీసి రాశారు, ఇప్పుడు చాలా దేశాల్లో మేమంతా ఆ భాషలోనే మాట్లాడుకుంటాం. మొదటిది కాస్త టెన్షన్ తగ్గించేంత మత్తు, మనిషి మామూలుగానే మాట్లాడతాడు. రెండోది మోడరేట్ సెడేషన్, మగతగా ఉంటాడు గానీ పేరు పెట్టి పిలిచినా, భుజం తట్టినా పలుకుతాడు, ఊపిరి తనంతట తను తీసుకుంటాడు. మూడోది డీప్ సెడేషన్, పిలిస్తే లేవడు, మళ్లీ మళ్లీ కదిపితేనో, నొప్పి కలిగిస్తేనో "అబ్బా" అని చెయ్యి తోసేస్తాడు. నాలుగోది జనరల్ అనస్థీషియా, నొప్పికి కూడా లేవడు.

ఇక్కడ అసలు సంగతి, మూడోదానికి నిర్వచనంలోనే "ఊపిరి దారికి సాయం అవసరం పడవచ్చు, తనంతట తీసుకునే ఊపిరి చాలకపోవచ్చు" అని రాసి ఉంది. అంటే డీప్ సెడేషన్ అనగానే ఊపిరి విషయంలో మనం జనరల్ అనస్థీషియా గుమ్మం ముందు నిలబడినట్టే. పైగా ఈ నాలుగూ మెట్లు కావు, జారుడుబల్ల. ఒకే డోసుకి ఒకరు మూడో స్థాయిలో ఆగుతారు, ఇంకొకరు నాలుగో స్థాయికి జారిపోతారు. అదే మనిషి కూడా స్కోపు లోపలికి వెళ్తున్నంతసేపు ఆ బాధకి కదులుతూ డీప్ సెడేషన్‌లో ఉంటాడు, పని అయిపోయి బాధ తగ్గగానే అదే మందుకి ఇంకా లోతుకి జారి ఊపిరి ఆపేస్తాడు. అందుకే డీప్ సెడేషన్ ఇచ్చేవాళ్లకి జనరల్ అనస్థీషియాలోకి జారిన మనిషిని బయటికి లాగగలిగే చెయ్యి ఉండాలి అని మా వాళ్లు పదేపదే అంటారు.

ఒక్కసారి దగ్గరనుంచి చూపిస్తాను. పెద్దపేగు పరీక్షకి వచ్చిన ఒకాయన, యాభై దాటిన మనిషి, మెడ పొట్టి. ప్రొపోఫోల్ ఇచ్చాను, నిద్రపోయారు, గురక మొదలైంది. గురక వినిపిస్తున్నంతసేపు గాలి ఎంతో కొంత ఆడుతున్నట్టే. పది నిమిషాలకి గురక ఆగింది. గదిలో వాళ్లకి అది ప్రశాంతంగా అనిపించింది, ఒక సిస్టర్ "బాగా పడుకున్నారు" అంది కూడా. ఛాతీ కదులుతూనే ఉంది. మానిటర్ మీద ఆక్సిజన్ 99. కానీ క్యాప్నోగ్రాఫ్ గీత, అంటే బయటికి వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపించే గీత, ఒక్కసారిగా చదునైపోయింది. ముక్కు దగ్గర అరచెయ్యి పెడితే వెచ్చదనం లేదు. నాలుక వెనక్కి పడి దారి మూసుకుపోయింది, ఛాతీ మూసిన తలుపుని ఊరికే తోస్తోంది. చెవుల కింద దవడ మూలల వెనక రెండు చేతుల వేళ్లు పెట్టి దవడని ముందుకి లాగాను, బరువైన డ్రాయరుని లాగినట్టు. ఒక్క పెద్ద గురక వచ్చింది, గీత మళ్లీ లేచింది. మొత్తం ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. ఆయనకి ఏమీ తెలియదు, మధ్యాహ్నం నవ్వుతూ ఇంటికెళ్లారు. కానీ ఆ గదిలో ఆ గీత లేకపోయినా, దాన్ని చూసే పని తప్ప వేరే పని లేని మనిషి లేకపోయినా ఏమయ్యేదో మీరు ఆలోచించండి. ఆక్సిజన్ పెట్టి ఉన్న మనిషికి ఊపిరి ఆగాక కూడా వేలికి పెట్టిన క్లిప్పులో అంకె ఒకటి రెండు నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు మామూలుగానే ఉంటుంది. అది పడటం మొదలయ్యేసరికి మన చేతిలో ఉన్న టైమ్ చాలావరకు అయిపోయి ఉంటుంది.

గొట్టం వేసిన జనరల్ అనస్థీషియాలో ఈ కథ అంతా ఉండదు. గొట్టం శ్వాసనాళంలో ఉంది, చివర బుడగ గాలితో ఉబ్బి చుట్టూ మూసేసింది, వెంటిలేటర్ లెక్క ప్రకారం ఊపిరి ఇస్తోంది, కడుపులోది పైకి తన్నుకొచ్చినా ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశం బాగా తగ్గుతుంది. మత్తు లోతు ఎక్కువే, దారి మాత్రం భద్రం. డీప్ సెడేషన్‌లో మత్తు కాస్త తక్కువ, దారి తెరిచి ఉంటుంది గానీ కాపలా లేదు. మీరు ఈ రెండింటి మధ్య ఎంచుకుంటున్నారు.

మందుల గురించి కొంచెం. డీప్ సెడేషన్‌కి ఎక్కువగా వాడేది ప్రొపోఫోల్, పాలలా తెల్లగా ఉంటుంది, నరంలోకి వెళ్లేటప్పుడు చెయ్యి మండుతుంది, ముప్పై నలభై సెకన్లలో మనిషి నిద్రలోకి జారిపోతాడు, ఒక్క డోసు ప్రభావం ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. తేలిగ్గా లేస్తారు, వికారం తక్కువ. కానీ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. దీనికి విరుగుడు లేదు, ఎక్కువైతే దిగేదాకా మనమే ఊపిరి ఇవ్వాలి. రెండోది, ఇది నొప్పి తగ్గించే మందు కాదు, స్పృహ తగ్గించేది మాత్రమే. అందుకే నొప్పి ఉండే పనికి ఫెంటనిల్ లాంటిది కలుపుతాం, ఆ రెండూ కలిస్తే ఊపిరి మీద దెబ్బ కూడిక కాదు, గుణకారంలా ఉంటుంది. టెన్షన్ తగ్గించి మగత తెచ్చే మిడజోలామ్‌కి ఫ్లుమజెనిల్, ఫెంటనిల్‌కి నాలోక్సోన్ విరుగుళ్లు ఉన్నాయి. కెటమైన్ వేరే దారి, ఊపిరిని, బీపీని చాలావరకు నిలబెడుతుంది, నొప్పికీ పనిచేస్తుంది, అందుకే ఎమర్జెన్సీలో విరిగిన చెయ్యి సరిచేయడానికి, కాలిన గాయాల కట్లు మార్చడానికి మంచిది, కాకపోతే లాలాజలం ఎక్కువవుతుంది, కొందరు పెద్దవాళ్లు లేచేటప్పుడు పీడకలలతో కేకలు పెడతారు. డెక్స్‌మెడిటోమిడిన్ ఊపిరిని పెద్దగా తగ్గించదు గానీ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఎక్కడానికి టైమ్ పడుతుంది.

ప్రొపోఫోల్ అనగానే చాలామందికి 2009లో మైకేల్ జాక్సన్ మరణం గుర్తొస్తుంది, మందు పేరు వినగానే భయపడిపోయే పేషెంట్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ ఆ మందు ఇచ్చింది ఇంట్లో, నిద్ర కోసం, సరైన మానిటర్లూ ఊపిరి నిలబెట్టే ఏర్పాట్లూ లేకుండా. అదే మందు ప్రపంచంలో రోజూ లెక్కలేనంతమందికి క్షేమంగా ఇస్తున్నాం.

నేను సంతోషంగా డీప్ సెడేషన్ ఎంచుకునే సందర్భాలు చాలా ఉన్నాయి. ముందుగా అనుకుని పరగడుపున వచ్చిన పెద్దపేగు పరీక్ష, కడుపు ఎండోస్కోపీ, గుండె లయ సరిచేయడానికి ఇచ్చే షాక్ (అది రెండు మూడు నిమిషాల పని, దానికి గొట్టం ఎందుకు), ఐవీఎఫ్‌లో అండాలు తీయడం, పిల్లలకి ఎముక మజ్జ పరీక్ష, ఎమ్మారై. తొడ దగ్గర రక్తనాళంలోంచి గుండె కవాటం మార్చే టావీ ఒకప్పుడు చాలావరకు జనరల్ అనస్థీషియాలోనే చేసేవాళ్లం, ఇప్పుడు చాలా చోట్ల తొడ దగ్గర తిమ్మిరి మందు, పైన సెడేషన్‌తో అయిపోతోంది, ముసలివాళ్లు అదేరోజు కూర్చుంటున్నారు. వీటన్నిటిలో ఒక పోలిక గమనించండి. పని చిన్నది, లేదా నొప్పి లేనిది, లేదా నొప్పిని ఆ చోటే తిమ్మిరి మందుతో చంపేయొచ్చు, కడుపు ఖాళీ, తల నా చేతికి అందుతుంది. నొప్పిని లోకల్‌తో చంపలేని పనికి సెడేషన్ లోతు పెంచుకుంటూ పోవడం నా దృష్టిలో పెద్ద తప్పు. అలా పెంచుకుంటూ పోతే చివరికి మిగిలేది గొట్టం లేని జనరల్ అనస్థీషియా, దాన్ని ఎవరూ కావాలని ఎంచుకోరు.

మూడేళ్ల పాప ఎమ్మారై ఒకటి చెప్తాను. ముప్పావుగంట కదలకుండా పడుకోవాలి, ఆ చప్పుడులో. ప్రొపోఫోల్ పంపులో పెట్టి సన్నగా ఇస్తే పాప తనంతట ఊపిరి తీసుకుంటూ హాయిగా పడుకుంటుంది, గొట్టం అక్కర్లేదు. కానీ ఆ రోజు పాపకి ముక్కు కారుతోంది, రెండు రోజులుగా దగ్గు. నేను వాయిదా వేశాను. తల్లి చాలా దూరం నుంచి వచ్చింది, కళ్లనీళ్లు పెట్టుకుంది, నాకూ కష్టంగానే అనిపించింది. జలుబుతో ఉన్న పిల్లల్లో స్వరపేటిక ఉన్నట్టుండి బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ, నేను పాపకి కాస్త దూరంగా, మిషను లోపల ఉన్న పాపని మానిటరులో చూస్తూ ఉంటాను. మూడు వారాల తర్వాత వచ్చింది, ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది.

ఇక వద్దనేవి. కడుపు ఖాళీగా లేని మనిషి, అంటే తిని వచ్చినవాళ్లు, వాంతులు అవుతున్నవాళ్లు, పేగు అడ్డుపడినవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు. నోట్లో, గొంతులో రక్తమో నీళ్లో చేరే పని. గురకతో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండి బరువు ఎక్కువున్నవాళ్లకి సుదీర్ఘమైన పని. బోర్లా పడుకోబెట్టి చేసేవి, నా చెయ్యి తలకి అందనివి. ముఖం మీద కరెంటుతో రక్తనాళాలు మాడ్చే పనికి ముక్కు దగ్గర ఎక్కువ ఆక్సిజన్ పెట్టి సెడేషన్ ఇవ్వడం ఇంకో ప్రమాదం, నిప్పంటుకుంటుంది. అక్కడ ఆక్సిజన్ 30 శాతం లోపే ఉంచాలి, అంతతో సరిపోకపోతే గొట్టమో, గొంతులో అమర్చే లారింజియల్ మాస్కో వేసి ఆక్సిజన్ ముఖం మీదకి రాకుండా చెయ్యాలి.

ఇప్పుడు ఈఆర్‌సీపీకి వద్దాం. పైన వద్దన్న జాబితాలో మీ నాన్నగారు ఎన్నిచోట్ల కనపడ్డారో చూశారా. ఈఆర్‌సీపీకి మనిషిని బోర్లా, లేదా సగం బోర్లాగా తిప్పి పడుకోబెడతారు. నోట్లోంచి వేలు లావు స్కోపు. ఎక్స్‌రే కోసం గదిలో లైట్లు తగ్గిస్తారు, పైన పెద్ద ఎక్స్‌రే మిషను చెయ్యి, మేమంతా సీసం కోట్లు వేసుకుని ఉంటాం. కడుపులోకి గాలి, నీళ్లు, పైత్యరసం. రాయి చిన్నదైతే ఇరవై నిమిషాలు, మొండికేస్తే గంటన్నర, ముందే ఎవరూ చెప్పలేరు. ఆ మధ్యలో ఊపిరి దారి మూసుకుపోతే స్కోపు బయటికి లాగాలి, మనిషిని వెల్లకిలా తిప్పాలి, 98 కిలోల మనిషిని తిప్పడానికి నలుగురు కావాలి, స్ట్రెచరు పక్కనే ఉండాలి. ఆ తర్వాతే గొట్టం. ఆ రెండు నిమిషాలు ఎంత పొడుగ్గా ఉంటాయో గదిలో ఉన్నవాళ్లకే తెలుసు. వాంతి లోపలికి పోయి పొలమారితే ఇంకా కష్టం, అది మామూలుగా అన్నం తింటూ పొలమారడం లాంటిది కాదు, మత్తులో దగ్గి బయటికి నెట్టే శక్తి ఉండదు, ఆమ్లం నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇది నా ఒక్కడి భయం కాదు. ప్రమాదం ఎక్కువున్న 200 మందిని రెండు గుంపులుగా చేసి, ఒకరికి గొట్టం వేసి జనరల్ అనస్థీషియా, ఇంకొకరికి గొట్టం లేని సెడేషన్ ఇచ్చి ఈఆర్‌సీపీ చేసిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. సెడేషన్ గుంపులో సగం మందికి మత్తుకి సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, గొట్టం గుంపులో పదిమందిలో ఒకరికి. చాలావరకు అక్కడికక్కడే సర్దేసినవే, కానీ తేడా అంత ఉంది. ఆరోగ్యంగా, సన్నగా, పరగడుపున ఉన్నవాళ్లకి ఈఆర్‌సీపీ డీప్ సెడేషన్‌లో ఇప్పటికీ చేస్తున్నారు, నేనూ చేస్తాను. మీకు మొదట చెప్పిన డాక్టరుగారు అలాంటివాళ్లని చూసి చూసి ఆ మాట అని ఉండొచ్చు, వాంతుల సంగతి, గురక సంగతి ఆయన దాకా వెళ్లాయో లేదో కనుక్కోండి.

జనరల్ అనస్థీషియాలో ఏమీ ఉండదని నేను చెప్పను. గొట్టం వేసేటప్పుడు పన్ను దెబ్బతినవచ్చు, గొంతు రెండురోజులు గరగరలాడుతుంది, మత్తు ఎక్కేటప్పుడు బీపీ పడుతుంది (బీపీ మాత్రల మీద ఉన్నవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ), వికారం, కండరాలు సడలించే మందుకి అరుదుగా అలర్జీ. ఊపిరితిత్తులు బాగా పాడైన మనిషికి గొట్టం వేస్తే తర్వాత తీయడం కష్టమవుతుంది, అలాంటివాళ్లకి నేను సెడేషన్, లోకల్ వైపే మొగ్గుతాను. ఏదీ ఊరికే రాదు. మీ నాన్నగారి లెక్కలో మాత్రం ఈ ఇబ్బందులన్నీ కలిపినా, తెరిచి ఉన్న దారితో గంటసేపు బోర్లా పడుకోవడం కంటే తేలికే అని నా అభిప్రాయం.

"గొట్టం వేస్తే మతిమరుపు వస్తుందట, సెడేషన్ అయితే మెదడుకి మంచిదట" అని కూడా మీరు రాశారు. ఇది చాలామంది నమ్ముతారు. తుంటి విరిగిన 1,600 మంది పెద్దవాళ్లలో నడుముకి ఇచ్చే స్పైనల్‌నీ (చాలామందికి పైన కొంత సెడేషన్‌తో) జనరల్ అనస్థీషియానీ పోల్చిన పెద్ద అధ్యయనం 2021లో వచ్చింది. 60 రోజుల తర్వాత బతికి ఉండటంలో, నడవగలగడంలో, ఆపరేషన్ తర్వాత తికమకలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. పిల్లల విషయంలో కూడా అంతే, అమెరికా ఎఫ్‌డీఏ 2016లో మూడేళ్లలోపు పిల్లలకి పదేపదే గానీ, మూడు గంటలకి మించి గానీ మత్తు ఇవ్వడం గురించి హెచ్చరిక ఇచ్చినప్పుడు అందులో సెడేషన్ మందులూ ఉన్నాయి, ప్రొపోఫోల్, మిడజోలామ్, కెటమైన్ అన్నీ. మెదడుకి గొట్టం ఉందో లేదో తెలియదు, దానికి చేరేది మందు. నెలల పిల్లలకి గంట లోపు ఇచ్చే ఒక్క మత్తు వల్ల ఐదేళ్ల వయసులో తేడా ఏమీ కనపడలేదని 2019లో వచ్చిన ఫలితాలు చెప్పాయి, కాబట్టి చిన్నపిల్లల తల్లిదండ్రులు ఇది చదివి కంగారు పడొద్దు.

ఇంకో విషయం, ఇది డాక్టర్లం మేం చేసే తప్పు. "నిద్రపోతారు, ఏమీ తెలియదు" అని చెప్పేస్తాం. సెడేషన్‌లో కొన్ని మాటలు వినపడొచ్చు, కొంత గుర్తుండొచ్చు, అది సెడేషన్ స్వభావం. చాలా ఏళ్ల క్రితం ఒకావిడకి గుండె లయకి సంబంధించిన పని జరుగుతుంటే నేను సెడేషన్ ఇచ్చాను, అంతా బాగా జరిగిందనుకున్నాను. మర్నాడు పలకరించడానికి వెళితే ఆవిడ గదిలో ఎవరెవరు ఏం మాట్లాడుకున్నారో చెప్పింది. "నాకు మత్తు ఎక్కలేదు డాక్టరుగారూ, కదలలేకపోయాను, చెప్పలేకపోయాను" అంది, రాత్రంతా నిద్రపోలేదు. వైద్యం ప్రకారం నేను ఇచ్చింది సరైన మత్తే. ఆవిడకి నేను ముందు చెప్పిన మాట మాత్రం తప్పు. బ్రిటన్, ఐర్లండ్ మత్తు వైద్యుల సంఘాలు 2014లో వెలువరించిన పెద్ద పరిశీలనలో జనరల్ అనస్థీషియాలో మెలకువ వచ్చిందన్న ఫిర్యాదు సుమారు 19,000 మందిలో ఒకరి నుంచి వచ్చింది, సెడేషన్ తర్వాత "నాకు పూర్తి మత్తు ఎక్కలేదు" అన్న ఫిర్యాదులు కూడా దాదాపు అదే స్థాయిలో ఉన్నాయి, ఎక్కువగా ముందు సరిగా చెప్పకపోవడం వల్లే. అప్పటినుంచి నేను ప్రతి ఒక్కరికీ చెప్తాను, "మగతగా ఉంటారు, మాటలు వినపడొచ్చు, నొప్పి అనిపిస్తే చెయ్యి కదపండి, నేను తల దగ్గరే ఉంటాను" అని.

ఎవరు చూసుకుంటున్నారు అన్నది మందు కంటే ముఖ్యం. అమెరికాలో నష్టపరిహారం కేసుల్ని వడపోసి 2006లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, మత్తు డాక్టరు పర్యవేక్షణలో గొట్టం లేకుండా ఇచ్చిన సెడేషన్ కేసుల్లో మరణాలు, శాశ్వతంగా మెదడు దెబ్బతినడం, జనరల్ అనస్థీషియా కేసుల్లో ఉన్నంత నిష్పత్తిలోనే ఉన్నాయి. ముఖ్య కారణం మందు ఎక్కువై ఊపిరి తగ్గడం, వాటిలో దాదాపు సగం మంచి మానిటరింగ్ ఉంటే ఆపగలిగేవే. నష్టపరిహారం అడిగిన కేసులు మాత్రమే కాబట్టి అందరికీ ఇలా జరుగుతుందని దానర్థం కాదు, జరిగినప్పుడు ఎందుకు జరుగుతుందో మాత్రం తెలుస్తుంది. 2011 నుంచి అక్కడ మోడరేట్, డీప్ సెడేషన్ రెండింటికీ క్యాప్నోగ్రాఫ్ ప్రమాణాల్లో చేరింది.

అందుకే డాక్టరుగారిని ఇవి అడగండి, మొహమాటపడొద్దు. మత్తు ఇచ్చేది ఎవరు, ఆ మనిషికి ఆ గంట వేరే పని ఏమైనా ఉందా? స్కోపు చేసే డాక్టరే మత్తు కూడా చూసుకుంటానంటే డీప్ సెడేషన్‌కి ఒప్పుకోకండి. క్యాప్నోగ్రాఫ్ ఉందా? ఊపిరి ఆగితే గొట్టం వేసే సామాను, నోట్లో చేరింది లాగేసే సక్షన్ ఆ గదిలోనే ఉన్నాయా, ఇంకో అంతస్తులో ఉన్నాయా? మధ్యలో సెడేషన్ సరిపోకపోతే ఏం చేస్తారు? చివరి ప్రశ్నకి వచ్చే జవాబులోనే వాళ్ల అనుభవం మీకు తెలిసిపోతుంది.

పరగడుపు నియమాలు రెండు పద్ధతులకీ ఒకటే, సెడేషనే కదా అని కాఫీ తాగించేవాళ్లు ఉంటారు. నీళ్లలాంటివి 2 గంటల ముందు ఆపాలి, తల్లిపాలు 4 గంటలు, తేలికపాటి తిండి, ఆవుపాలు 6 గంటలు, నూనె తిండి, మాంసం 8 గంటలు. పాలు కలిపిన కాఫీ నీళ్ల లెక్కలోకి రాదు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటి ఇంజెక్షన్లు బరువుకో షుగరుకో వాడుతుంటే తప్పకుండా చెప్పాలి, అవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. ఈమధ్యే ఒకావిడ పన్నెండు గంటలు పరగడుపున ఉండి వచ్చింది, కడుపులో స్కోపు పెట్టగానే ముందురోజు తిన్నది అలాగే కనిపించింది, వెంటనే ఆపేసి లేపేశాం. మీ నాన్నగారికి రాయి వల్ల వాంతులు అవుతున్నాయి కాబట్టి గంటలు లెక్కపెట్టి కడుపు ఖాళీ అనుకోవడానికి లేదు. గొట్టం అనడానికి నాకున్న అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

నేను ఆయన్ని చూడలేదు, మీరు రాసినదాన్ని బట్టి చెప్తున్నాను, నోరు తెరిచి చూసి, మెడ వెనక్కి వంచి చూసి, గుండె విని చెప్పే డాక్టరు మాటే చివరిది. ఒక పని మాత్రం ఈ రాత్రే చేయండి. ఆయన పడుకున్నాక గురకని ఫోన్లో వీడియో తీయండి, ఐదు నిమిషాలు చాలు, ఛాతీ, నోరు రెండూ కనపడేలా. గురక మధ్యలో ఆగిపోయి, కాసేపటికి ఒక్కసారిగా ఉలిక్కిపడినట్టు మళ్లీ మొదలవుతోందేమో చూడండి. అలా ఉంటే ఆ వీడియోని ఎండోస్కోపీ డాక్టరుగారికి, మత్తు డాక్టరుకి ఇద్దరికీ చూపించండి.